వెనక వరస

పొడుగు మొక్కలు కావాలందామె.
ఎంత పొడుగంటే, చెయ్యి నెత్తికి పైగా ఎత్తి చూపించింది.
మడమలు కూడా లేచాయి.

ఆర్‌బ్రోత్‌లో, సముద్రం పక్కన నర్సరీ మాది.
ఇరవై ఆరేళ్లుగా కుండీలు మోస్తున్నాను.
పూలమడికి ముందు వరస ఎంచుకునేవాళ్లు
రంగు అడుగుతారు.
వెనక వరస కోసం వచ్చినవాళ్లని
నేనే అడుగుతాను:
దాని వెనక ఏముంది?

"వంటింటి కిటికీ. నా చెల్లెలు ఎల్స్పెత్‌ది"
అంది ఇష్బెల్ ర్యాట్రే.
ఊరందరికీ తెలిసిందే:
ఇద్దరి మధ్యా నడుమెత్తు రాతిగోడ,
తండ్రి పడవలోంచి దిగిన ఇత్తడి బారోమీటరు.
గోడ ఇద్దరిదీ.
బారోమీటరు ఎవరిదో తేలలేదు,
ప్రస్తుతానికి ఇష్బెల్ ఇంట్లో వేలాడుతోంది.

డెల్ఫీనియం చూపించాను.
నీలం కంకులు, మనిషెత్తు దాటతాయి.
కానీ ఏప్రిల్లో లేత చిగురు మీద నత్తలు పడితే
తెల్లారేసరికి మోడే.
పైగా ఇక్కడి తూర్పుగాలి
ఎత్తుగా ఉన్నదేదీ చూసి ఓర్వలేదు.
ఊతకర్ర లేకపోతే జూన్ నెలాఖరుకి
ముందు వరస మీద అడ్డంగా పడుంటాయి,
పెళ్లిలో తాగినవాళ్లలా.
నవ్వలేదు. మూడు తీసుకుంది.

సెఫలేరియా అన్నాను.
ఏడడుగులు. సన్నటి కాడల చివర
వెన్నరంగు పూలు, గాలిలో తేలుతున్నట్టు.
వంగి, కాడల మధ్యనుంచి నా మొహం చూసింది.
"ఇది జల్లెడ. మీరు కనిపిస్తున్నారు."

మంక్స్‌హుడ్‌కి చేతి తొడుగులు తప్పవన్నాను,
వేరు నుంచి పువ్వుదాకా విషం.
"అంత దూరం వద్దు" అంది, కాస్త ఆగి.

అప్పుడు చెప్పాను, ముందే చెప్పాల్సింది:
అమ్మా, ఇవన్నీ ఏటేటా చచ్చి బతికేవి.
నవంబరు మంచుకి నేలమట్టం.
మే నెలదాకా మీ వెనక వరసలో
నాలుగు ఎండుపుల్లలు.
మీక్కావలసింది లారెల్ కంచె.
పన్నెండు నెలలూ ఆకు. ఒక్కసారి నాటితే
ఆ కిటికీ ఈ జన్మకి కనిపించదు.

లారెల్ కుండీల వైపు తిరిగింది.
నిగనిగలాడుతూ, రెప్ప వేయకుండా నిలబడున్నాయవి.
"ఏడాది పొడుగునా?" అంది.
నేను లెక్కల పుస్తకం తిరగేస్తున్నట్టు నటించాను.

చివరికి మెక్లియా, రెండు కుండీలు.
బూడిదరంగు వెడల్పాకులు, ఎనిమిదడుగులు.
హెచ్చరించడం నా ధర్మం కదా:
ఇది పెట్టినచోట ఉండదు. వేళ్లు పాకుతాయి,
గోడ కిందనుంచి పోయి అవతల లేస్తాయి.
"వట్టి రాళ్ల గోడే" అంది, చిల్లర లెక్కపెడుతూ.
అది ధీమానో, ఇంకేమైనానో
నాకు అంతుపట్టలేదు.

మూడో వేసవిలో ఒకావిడ వచ్చింది.
అదే గడ్డం, అదే నడక, కోటు మాత్రం వేరు.
చేతిలో తడి కాగితంలో చుట్టిన ఆకు,
తుంచినచోట నారింజరంగు పాలు.
"నా వైపు లేచింది. ఏమిటిది?"

పేరు చెప్పాను. ఎలా పీకాలో కూడా
చెబుదామని నోరు తెరిచాను.
అడగలేదు.
"గాలికి నిలుస్తుందా?"
వేరే ఊళ్లో అయితే నిలుస్తుంది, అన్నాను.

ఊతకర్రలు ఒక కట్ట, పచ్చ పురికొస ఉండ ఒకటి.
ధర ఎక్కువని గొణిగింది.
గుమ్మం దగ్గర ఆగి
"వాన పడుతుందంటారా?" అంది.

ఆ సంగతి మీ అక్కనడగండి అనబోయి,
కర్రలు కారుదాకా మోశాను.