ఎడమవైపు నుంచి

ట్రియెస్తే రేవు వెనక్కి జరిగి
దీపస్తంభం అగ్గిపుల్లంత అయ్యేసరికి
మా మామగారు నెవియో
నల్ల సూటు తొడుక్కుని తయారు.
అత్తగారు ఒందీనా మెడలో ముత్యాలు,
పిల్లల కాళ్లకి కరిచే కొత్త బూట్లు.
మూడో డెక్కు, పెద్ద హాలు,
నలభై రెండో నంబరు బల్ల.

ముప్పై ఎనిమిదేళ్లు
రేవు ఎదుటి హోటల్లో వడ్డించిన మనిషి
కుర్చీ అంచున కూర్చున్నారు,
ఎవరో కేకేస్తారన్నట్టు.

చేపల పళ్లెం ఎడమవైపు నుంచి వచ్చింది.
ఆయన ఎడమ భుజం దానంతటదే ముడుచుకుంది.
వెయిటరు కుర్రాడు, ఫిలిప్పీన్స్ వాడు, రొదేలియో,
వంగిన ప్రతిసారీ
ఈయన సగం లేచారు.
"కూర్చో నాన్నా" అన్నాడు మా దారియో, పళ్లు కరుచుకుని.
కూర్చున్నారు.
ఫోర్కులు సర్దారు.
బల్ల మీది రొట్టెపొడి అరచేత్తో ఊడ్చి
ఎక్కడ పారేయాలో తెలియక
గుప్పిట్లోనే దాచుకున్నారు.
చివరికి మా ఆరుగురి ప్లేట్లూ
ముంజేతి మీదికి ఎక్కించబోతే
పక్క బల్ల వాళ్లు తలలు తిప్పారు.
నేను చూడనట్టు తింటూ కూర్చున్నాను.
సిగ్గు నాది. ఆయనది కాదు.

ఆ రాత్రి వరండాలో అత్తగారు చెప్పింది:
"ఇంట్లోనూ నిలబడే తింటాడు.
పెళ్లైన కొత్తలో
నా వంట నచ్చలేదేమో అని ఏడ్చాను."

మర్నాడు సాయంత్రం నేనే అన్నాను,
"పైన తొమ్మిదో డెక్కులో బఫే ఉందట,
చెప్పులేసుకుని పోవచ్చట."
"ఆ భోజనానికీ డబ్బు కట్టాంగా" అని దారియో.
ఆల్మా అప్పటికే బూట్లు మంచం కిందికి తన్నేసింది.
సూటు అలమారలో
తల దించుకుని వేలాడుతూ ఉండిపోయింది.

పైన తడి జుట్టులు, ఈత దుస్తులు,
సాసేజి పక్కన పుచ్చకాయ పెట్టుకున్న జర్మన్ తాత.
మా తుల్లియో ముందు పుడ్డింగు, తర్వాత పాస్తా.
ఆల్మా ప్లేటులో ఆలివులు తప్ప ఏమీ లేవు.
ఎవరూ ఎవరినీ అడగలేదు.

మామగారు ముందు ఉత్త చేతుల్తో ఒక చుట్టు తిరిగారు,
పెళ్లివారి వంటశాలలో పెద్దమనిషిలా
మూతలెత్తి చూస్తూ.
పక్కకి ఒరిగిన ఒక గరిటెని నిలబెట్టారు.
అప్పుడు తీసుకున్నారు ప్లేటు:
రెండు ఉడకేసిన బంగాళాదుంపలు,
నాలుగు సార్డీన్లు, నిమ్మచెక్క.
కిటికీ పక్కన కూర్చున్నారు.
వీపు కుర్చీకి ఆనింది. నేను చూశాను.

"వేడిగా ఉంది" అన్నారు.
అంతే.
ఇన్నేళ్లూ ఆయన రాత్రి భోజనం
పన్నెండున్నరకి, వంటింటి గుమ్మంలో,
ఇతరులు వదిలిన సాసు చల్లారి గడ్డకట్టాక.
మళ్లీ లేచి వెళ్లారు.
మూడోసారి ఐస్‌క్రీమ్,
మనవలకి అనుకున్నాం,
తనకే.

నాలుగో రాత్రి, కోర్ఫు దీపాలు దగ్గరవుతుంటే,
ట్రేలు తీయడానికి పైకి వచ్చాడు రొదేలియో.
మామగారు కుర్చీ లాగారు.
"కూర్చోకూడదు సార్, రూలు."
ఓహో అని ఈయనే లేచి నిలబడ్డారు.
ఇద్దరూ కిటికీ దగ్గర
కాళ్ల గురించి మాట్లాడుకున్నారు.
మడమలకి ఏం రాస్తావు,
ఉప్పునీళ్లు పనిచేస్తాయా,
బూటులో అట్టముక్క ఎటు పెట్టాలి.
నవ్వారు కూడా.
అంత సేపు ఆయన మాట్లాడగా
నేను ఎన్నడూ వినలేదు.

ఆఖరి రోజు కెప్టెన్ విందుకి
బంగారు అక్షరాల ఆహ్వానం వచ్చింది.
మామగారు వేలితో తడిమి,
"మంచి కాగితం" అన్నారు.
నాలుగు మడతలు పెట్టి
తొమ్మిదో డెక్కులో మా బల్ల కాలి కింద దోపారు,
ఊగకుండా.

ఊగడం ఆగలేదు.
ఓడ కదా.