ఏడడుగుల ఎడం

నైరోబిలో, కిరిన్యాగా రోడ్డు వెనక సందులో
గ్రీజు పీల్చిన గోనెపట్టా మీద బోర్లా పడుకుని
స్యోంబువ వైర్లు లాగుతోంది.
పద్నాలుగు సీట్ల మటాటు.
ఒళ్లంతా రంగులు. వెనకద్దం మీద పులి.
పులికి ఒక కన్ను ఊడిపోయింది.

డ్రైవరు గిటోంగా గుమ్మంలో నిలబడి
ఖర్చులు ఏకరువు పెడుతున్నాడు.
సబ్‌వూఫర్ చిన్నదన్నారట, పెద్దది కొన్నాడు.
ఆంప్లిఫయర్ చాలదన్నారట, మార్చాడు.
బావమరిది దగ్గర అప్పు.
అయినా బేస్ రాలేదు.
"దెబ్బ ఇక్కడ తగలాలి" అని
అరచేత్తో రొమ్ము చరుచుకున్నాడు.

నేను పనిలో చేరి నెల.
నాకు తెలిసిన మందు ఒక్కటే, వాల్యూమ్.

ఆమె టార్చిలోంచి సెల్ ఊడదీసి
వైరు కొసలకు తాకించింది.
ఎడమ తలుపులో స్పీకరు పొర
ముందుకు ఉలిక్కిపడింది.
కుడి తలుపులోది
వెనక్కి.

"చూశావా, ఎడ్డెమంటే తెడ్డెం.
ఒకడు గాలిని తోస్తున్నాడు,
ఒకడు అదే గాలిని మింగుతున్నాడు.
ఇద్దరూ ఒళ్లు దాచుకోని పనిమంతులే.
బండిలో మాత్రం
ఏమీ మిగలట్లేదు."

ప్లస్సూ మైనస్సూ మార్చి బిగించింది.
ఆ తర్వాత వెనక సీటు కింద చెయ్యి దూర్చి
స్క్రూడ్రైవర్ మొన పట్టేంత గుంటను
సున్నా దగ్గర్నుంచి
నూట ఎనభై దాకా తిప్పింది.

వచ్చింది.
డాష్‌బోర్డు మీది చిల్లర గలగలా నడిచింది.
గిటోంగా స్టీరింగు వదిలేసి నవ్వాడు,
జేబులో చెయ్యి పెట్టాడు.

"డబ్బులకేం తొందర.
పోయి నడిమి వరుసలో కూర్చో."

పదకొండేళ్లుగా తోలుతున్న బండి.
ఆ సీటు అతనికి కొత్త.
మోకాళ్లు పట్టలేదు.
రెక్సిన్ చిరుగులోంచి స్పాంజి గీరుకుంది.
అదే పాట, అంతే వాల్యూమ్,
పాటకు కాళ్లు లేవు.
"ఆపేశావా?" అని అరిచాడు.
"లేదే."

స్యోంబువ టేపు పరిచింది.
సెకనుకు ఎనభై సార్లు ఊగే అల,
దాని సగం పొడవు ఏడడుగులు.
ముందు స్పీకరు నీ మోకాలి దగ్గర,
వెనక పెట్టె ఇంకో ఏడడుగులు అవతల.
ఆ ఎడానికి సరిపడా తిప్పితే
నీ చెవిలో రెండూ ఒకటవుతాయి.
రెండింటికీ సమదూరంలో కూర్చున్నవాడికి
చెల్లుకు చెల్లు.

"తప్పు వైరుది కాదిప్పుడు. ఎవరి సీటన్నదే లెక్క.
చెప్పు, ఎవరికి పెట్టను?"

కండక్టరు మకోరి తలుపు పట్టుకుని వేలాడుతూ
"నన్నడగరేం? నాకసలు సీటే లేదు" అన్నాడు.
ఎవరూ నవ్వలేదు, అతను తప్ప.

గిటోంగా లేవలేదు.
కిటికీ అద్దం మీద, తల ఆన్చేచోట,
జిడ్డు మరక ఉంది. దాన్నే చూస్తున్నాడు.
"రాత్రి ఏడింటికి ఒక నర్సమ్మ ఎక్కుతుంది, ఇక్కడే.
దిగేదాకా కళ్లు తెరవదు.
పాట నచ్చలేదేమో అనుకునేవాణ్ణి."

స్యోంబువ మళ్లీ వంగింది.
గుంట వెనక్కి తిరుగుతోంది, వెంట్రుకవాసి చొప్పున.
"ఇంకొంచెం," అన్నాడు నడిమి సీట్లోంచి.
"ఇంకొంచెం. ఊఁ."
చిరిగిన స్పాంజి వణకడం మొదలుపెట్టింది.

ముందుకు వెళ్లి తన సీట్లో కూర్చుని విన్నాడు.
చిల్లర కదులుతోంది, నడవట్లేదు.
రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని చూసుకున్నాడు.
ఏదో అనబోయి
డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు.

సున్నాకీ నూట ఎనభైకీ మధ్య
ఎటూ కాని చోట
స్యోంబువ గోళ్లరంగుతో చుక్క పెట్టింది.
ఆరేదాకా ముట్టుకోవద్దంది.

ఆ రాత్రి ఇంటికి వేరే బండిలో వెళ్లాను.
చోటు దొరికింది నడిమి వరుసలోనే.
పాట మోగుతోంది.
నా పక్కనున్న పెద్దాయన కాలితో తాళం వేస్తూ
ఉన్నట్టుండి ఆగిపోయాడు,
ఏదో పోగొట్టుకున్నవాడిలా
సీటు కింద వెతుక్కున్నాడు.