ముఖ్య గమనిక

"ముఖ్య గమనిక" అంటాను.
ఎవరూ తల తిప్పరు.
ఏటిగట్టు మీద గేదెలు కూడా
హారనుకి జరుగుతాయి గానీ
నా మాటకి జరగవు.

పదకొండేళ్ళుగా గొంతు అద్దెకిచ్చుకుని బతుకుతున్నాను.
రోజుకి ఆరువందలు, డీజిలు పంచాయతీది.
పోలియో చుక్కలు, కాచి చల్లార్చిన నీళ్ళు,
తడిచెత్త పచ్చబుట్ట, పొడిచెత్త నీలబుట్ట,
కొబ్బరిచిప్పల్లో నీళ్ళు నిలవుంచకండి,
ఆడపిల్లని చదివించండి.

ఆ చివరిది ఓ ఏడాదంతా
గొంతు సర్దుకుని చెప్పేవాణ్ణి.
మా సుభాషిణిని పదితో ఆపేసిన ఏడాది.
ఓ సాయంత్రం మా వీధిలో మైకు మోగుతుంటే
అరుగు మీద మినుములు చెరుగుతూ
అది పెదాలు కదిపింది,
నాకంటే ఓ మాట ముందు.
స్విచ్చి ఆపేశాను.
మర్నాడు అమలాపురంలో, కాలేజీ కిటికీ ముందు,
ఫీజు రసీదు మడతపెట్టి జేబులో దాచుకున్నాను,
ఆ మైకువాడి మాట విన్నది
నేనొక్కణ్ణే అనుకుంటూ.

ఆగస్టులో నది ఎర్రబడింది.
తాసిల్దారు ఆఫీసు కాయితం:
"ధవళేశ్వరం వద్ద రెండవ ప్రమాద హెచ్చరిక.
లంకవాసులు అప్రమత్తముగా ఉండవలెను."
మూడుసార్లు చదివాను.
వలెనుకి ఎవరు లేస్తారండీ?
ఓలేటి సుందరమ్మగారైతే తలుపేసుకుంది.
నిద్ర చెడగొడుతున్నానని
పోయిన వేసవిలో ఆటో మీద
పేడనీళ్ళు కుమ్మరించిన మనిషి.

కాయితం సీటు కింద పెట్టాను.
"మామ్మా, నీ కోళ్ళగంప నేను మోస్తాను.
పెదకాపు బావా, ఎనభయ్యారు గీత మీ గోడ మీదే ఉంది,
ఆ గీత కిందే నీ మనవడి మంచం, చూసుకో.
ఒరే నూకరాజూ, పడవ కాజ్‌వే దగ్గరకి తే."
పేర్లు పిలుస్తుంటే
దీపాలు ఒక్కొక్కటీ కదిలాయి.

గట్టు మీది బడిలో రెండో రాత్రి
నూకరాజు కూతురికి విరేచనాలు.
డాక్టరు పడవ తెల్లారితే గానీ రాదు.
చీకట్లో సుందరమ్మగారి గొంతు,
అచ్చం నా రాగంలో, నా దీర్ఘాలతో సహా:
"కాచి చల్లార్చిన నీళ్ళు ఒక లీటరూ,
పంచదార ఆరు చెంచాలూ,
ఉప్పు అర చెంచా..."
పాప గుక్కెడు తాగింది.
కాసేపాగి ఇంకో గుక్కెడు.
చెంచా కొంగుతో తుడిచి పక్కనబెట్టి
ఆవిడ నిదానంగా పూర్తి చేసింది:
"ఇట్లు, పంచాయతీ కార్యదర్శి."