గురువారం ట్రయల్

ప్రతి మంగళవారం నా భుజాలు కొలుస్తారు
సెవెరిన్ గారు.
మెడలో పసుపు టేపు.
గుండుసూదులు నర్సులు ఎప్పుడో తీసేసుకున్నారు,
అయినా పెదాల మధ్య లేని సూదులు బిగబట్టి
ఆ సందులోంచే మాట్లాడతారు:
"ఎడం భుజం కాస్త కిందికుందమ్మా.
ఏం పని చేస్తారు?"
"ట్రామ్ నడిపేదాన్ని. ఇరవయ్యేడేళ్ళు."
"అదీ సంగతి!"
దొంగ దొరికినంత సంబరం. ప్రతి వారం.

మొదటిరోజు తెలీక అడిగాను,
నేను గుర్తున్నానా అని.
కరెంటు పోయిన ట్రామ్‌లా
పట్టాల మీద ఆగిపోయింది ఆయన ముఖం.
లోపల జనం ఉన్నారు,
తలుపులు తెరుచుకోవడం లేదు.
ఆ ప్రశ్న మళ్ళీ ఎవర్నీ అడగలేదు నేను.

వూచ్ నగరంలో ఇదొకప్పుడు నూలుమిల్లు.
కదుళ్ళు తిరిగిన హాల్లో ఇప్పుడు
పదకొండు కుర్చీలు, ఒక పియానో, సూప్ వాసన.
ఆయన చెబుతారు, గళ్ళ నోట్‌బుక్కులో నేను రాస్తాను:
నలభై ఒకటి. అరవై. డెబ్భై ఎనిమిది.
పేజీ తిప్పితే అవే అంకెలు,
అంతకు ముందు పేజీలోనూ అవే.

నాలుగింటికి బోగుమీవా వస్తుంది, ఇంటికి తీసుకెళ్ళడానికి.
"కొట్టు కట్టేశామండీ" అంటారు భార్యతో, మర్యాదగా.
ఆవిడ కోటు గుండీ పెట్టుకుంటూ నాతో అంది:
"నన్నెప్పుడూ కొలవలేదు.
చూపుతోనే కత్తిరించేవాడు."

మార్చిలో ఒకరోజు
టేపు నా నడుం చుట్టూ తెచ్చి ఆగారు.
"రెండు తగ్గారు."
నోట్‌బుక్కు మూసి నా ఒళ్ళోనే ఉంది.
పెదాల మీంచి సూదులు ఒక్కొక్కటే తీసి
గుప్పిట్లో పెట్టుకున్నారు,
మాట తేటగా రావాలని కాబోలు.
"ఏమైంది?"

అక్క పోయిందని
అక్కడ ఎవరికీ చెప్పలేదు నేను.
ఆయనకి చెప్పాను.

చాలాసేపు టేపు చుట్టారు, విప్పారు, చుట్టారు.
"లోపల బట్ట వదిలి కుడతానమ్మా.
ఒళ్ళు మళ్ళీ వస్తుంది,
అప్పుడు కుట్టు విప్పుకోవచ్చు.
గురువారం ట్రయల్‌కి రండి."

నా వంతు మంగళవారాలే.
అయినా గురువారం వెళ్ళాను,
బూట్లకి కరిగిన మంచు బురదతో.
గుమ్మంలోనే ఆపేశారు, తప్పు చేసినవాడిలా:
"ఇంకా కాలేదమ్మా,
చేతులు అతకడమొక్కటే మిగిలింది.
మంగళవారం రండి."