కొమ్ముచెంబు అడుగు

పీణ్యాలో కరెంటు పోయింది.
లేత్ ఆగింది, తస్నీమ్ మేడమ్ ఆగలేదు.
వజూ చెంబుకి ఇది పదకొండో నమూనా,
స్టూలు మీద బోర్లించి అడుగు తడుముతోంది.

"ఇక్కడ గరుకుంది, నారప్పన్నా."
అడుగే కదమ్మా, ఎవరు చూస్తారన్నాను.
"మనకి కనపడకపోయినా
మనల్ని చూసేవాడున్నాడని చేయాలి.
ఇహ్‌సాన్ అంటారు దాన్ని."
మా హిందూపురం సాయిబులు ఆ మాటని
చేబదులు తీర్చేటప్పుడు వాడేవాళ్లు.

కొమ్ము రంధ్రం మూడు మిల్లీమీటర్లు.
ఏటి ఒడ్డునున్నా నీళ్లు పారబోయొద్దన్నారట.
ఇక్కడ ఏరెక్కడిది,
ట్యాంకరు రెండ్రోజులకోసారి.
పేరు చెక్కనా అంటే వద్దంది.
పువ్వు? వద్దంది.
ధార పడే చప్పుడు మాత్రం
కళ్లు మూసుకుని మూడుసార్లు విని
తల అడ్డంగా ఊపింది.

కరెంటొచ్చింది. చెంబు మళ్లీ బోర్లా బిగించాను,
ఇరవై ఆరేళ్లలో ఎన్ని అడుగులు
అలాగే వదిలేశానో లెక్క తేలక.

సాయంత్రం దాంతోనే నా చేతుల మీద పోసింది.
మోచేతుల దాకా కడిగాను.
గ్రీజు పూర్తిగా పోలేదు,
చెంబులో నీళ్లు మాత్రం మిగిలాయి.
ఏం చేయాలో తోచక
కాసేపు పట్టుకుని నిలబడ్డాను.