ప్రాంప్టరు దగ్గరున్న పద్దుల పుస్తకం

మొదటి పేజీలో నాటకం పేరు లేదు.
పెట్రోమాక్సు లైట్లు రెండు, బాడుగ మూడు రూపాయలు.
మాంటిలు రాలిపోయినందుకు అర్ధరూపాయి.
అర్దళం, కొబ్బరినూనె, మసి.
కింద మాలకొండయ్య సంతకం, చీమ పాకినట్టు.
చప్పట్లు రాసుకోడానికి గడి గీయలేదు ఆయన.

అప్పుడు మా పాళెం నెల్లూరు జిల్లా.
తర్వాత ప్రకాశంలోకి పోయింది.
మొన్న మళ్ళీ నెల్లూరులోకి వచ్చింది.
ప్రవేశం, నిష్క్రమణ, ప్రవేశం.
కందుకూరు రోడ్డు పక్క నుంచి
అడుగు కదపకుండానే.

రిహార్సల్సు పొగాకు బ్యారన్లో.
ఆకు కాల్పు అయిపోయాక, ఎండాకాలం,
ఖాళీ కర్రల కింద రాజ్యాలు గెలిచేవాళ్ళం.
రాజు దగ్గితే మంత్రి దగ్గేవాడు,
మంత్రి దగ్గితే హార్మణీ ఆగేది.
ఆ దగ్గు నాటకంలోదో, పొగాకుదో
చూసేవాళ్ళకు ఆఖరిదాకా తెలియలేదు.

నేను కనపడను.
పక్కతెర వెనక గోనెపట్టా మీద, టార్చిలైటు పట్టుకుని
ప్రతి మాటా వాళ్ళకంటే ముందు నేనే అన్నాను.
రాణికీ, దొంగకీ, ఉరికంబం ఎక్కేవాడికీ
మొదటి గొంతు నాదే.
ఎవరూ వినని గొంతు.

రాణి మస్తాను. బజార్లో మిషను కుట్టేవాడు.
తొమ్మిదేళ్ళు మీసం పెంచలేదు.
పెళ్ళిచూపుల్లో పిల్ల ఫక్కున నవ్విందంట.
"ఈయన నాకు తెలుసు.
మొగుడు చస్తే భలే ఏడుస్తాడు."
ఆ పిల్లే చేసుకుంది.
నీలం గుడ్డ పద్దెనిమిది గజాలు, అని ఉంది పుస్తకంలో.
కుట్టుకూలి, వద్దన్నారు.

'అప్పుకాగితం' వేసిన ఏడు
షావుకారు వేషానికి తన నడకే పెట్టామని
వెంకటశేషయ్య నడిమధ్య బల్లలు లాగించేశాడు.
బల్లలు ఆయనవే మరి.
ఆఖరి రంగం దుమ్ములో ఆడాం.
కుంటుకుంటా వెళ్ళిపోతున్న ఆయన్ను చూసి
జనం వన్స్‌మోర్ అన్నారు.

పొగాకు కొనేవాడు లేని ఏడు
పేజీ తెల్లగా ఉంది.
పైన తేదీ వేసి, ఏమీ రాయలేదు.
మా రాజు పెంచలయ్య చీమకుర్తి క్వారీకి పోయాడు.
రాళ్ళు పేల్చీ పేల్చీ
నాలుగేళ్ళకు చెవులు అక్కడే వదిలేసి వచ్చాడు.
"వేషం ఉందా?" అన్నాడు,
పక్క ఊరికి కూడా వినపడేట్టు.

ఉంది అన్నాం, చేతులతో.

తిరునాళ్ళ రాత్రి, మూడో రంగం,
కత్తి ఎత్తి ఆగిపోయాడు.
నేను గుసగుసగా అన్నాను. అన్నాను.
అరిచాను కూడా.
నా యాభై ఏళ్ళ విద్య
ఆ గోనెపట్టా మీదే చతికిలబడింది.

పెంచలయ్య జనంలోకి చూశాడు.
పదకొండుసార్లు చూసిన నాటకం వాళ్ళకు.
ముందు వరసలో మరమరాల చెంచమ్మ పెదాలు కదిపింది.
పక్కన పిల్లకాయలు కదిపారు.
వెంకటశేషయ్య కొడుకు కదిపాడు.
ఎవ్వరూ గొంతెత్తలేదు.
లైటు వెలుగులో ఊరంతా పెదాలే.

పెంచలయ్య చదువుకున్నాడు,
ఒక్కో పెదవీ, అక్షరం అక్షరం,
చదివి కత్తి దించాడు.

నేను టార్చి ఆర్పేశాను.

ఆ రాత్రి పద్దు నేను రాశాను.
మైకుసెట్టు, టీలు, పూలదండ ఒకటి.
బ్యాటరీ సెల్లులు రెండు,
సగం మిగిలాయి.