కిర్రు

ఖార్కీవ్‌లో కరెంటు లేని శీతాకాలం.
నాలుగో అంతస్తులో జెనోవియా అవ్వ
కోటు విప్పకుండానే వ్యాయామం సైకిలెక్కుతుంది.

ఒకప్పుడు మోకాళ్ళ కోసం కొన్నది,
ఇప్పుడు చెవుల కోసం తొక్కుతోంది.
చక్రానికి పాత వాషింగ్ మెషీన్ మోటారు,
మోటారుకు తీగ, తీగ కొసన
శనగగింజలంత రెండు వినికిడి యంత్రాలు.

గంట తొక్కితే పూటంతా వినపడుతుందట.
ఆ గంటసేపూ మాత్రం చెవిటిదే.
పెడలు కిర్రు కిర్రుమంటూ
మూడంతస్తుల నిద్ర కోస్తోందని
ఆమెకెలా తెలుస్తుంది?

కింద ఫ్లాటువాణ్ణి,
తిట్టుకుంటూనే లెక్కపెట్టేవాణ్ణి.
నాలుగొందల కిర్రులకు టీ నీళ్ళు కాగేవి.

ఒకరోజు ఒక చెవిది ముందే నిండింది.
అది పెట్టుకుని రెండోదానికి తొక్కుతూ
తన చప్పుడు తానే వినేసింది.
సిగ్గుపడి, వంటకుంచిన పొద్దుతిరుగుడు నూనె
ఇరుసులో పోసేసింది.

ఆ రాత్రి పైన ఏమీ లేదు.
టీ నీళ్ళు మరిగిపోయాయి.
ఒంటికాలి చెప్పుతో చీకట్లో మెట్లెక్కి
తలుపు బాదాను, బాదాను, తోశాను.

తొక్కుతూనే ఉంది.
నుదుట చెమట, ఒళ్ళో టార్చి.
నా మొహం చూసి ఆగింది. ఏమీ అనలేదు.

మర్నాడు మళ్ళీ కిర్రు.
గుడ్డపెట్టి నూనె తుడిచిందేమో,
అడగలేదు.
తిట్టుకుంటూ దుప్పటి లాక్కున్నాను.